షరతు వదిలి అధికారం చదవకు బిడ్డా

బిడ్డా,

మొన్న ఫోన్‌లో నీ గొంతులో ఉత్సాహం విని కడుపు నిండింది. నాగ్‌పూర్‌లో లా చదువుతున్న మన పిల్ల మూట్ కోర్టులో ఖనిజాల పన్ను కేసు తీసుకుంది, రాష్ట్రాల తరఫున వాదించబోతోంది. బొగ్గుబాయి కూడు తిని బతికిన ఇంటికి ఇంతకన్నా ఏం కావాలి? కానీ నువ్వన్న ఒక మాట నన్ను పట్టుకుంది. "రాష్ట్రాలు గెలిచాయి తాతా, కేంద్రం ఓడిపోయింది, ఇంక వాదించడానికి ఏముంది" అన్నావు. ఆ మాట మీద నీతో తీరిగ్గా మాట్లాడాలనిపించింది. ఫోన్‌లో అయ్యేది కాదు కాబట్టి రాస్తున్నాను.

ఎవరు గెలవాలో ముందే అనుకుని రాజ్యాంగం తెరవకు. అలా తెరిచినవాళ్ళకు తమకు కావలసిన మాటే కనబడుతుంది, దాని పక్కనున్న షరతు కనబడదు. ఢిల్లీలో ఎవరున్నారు, ముంబైలో ఎవరున్నారు, హైదరాబాద్‌లో ఎవరున్నారు అనేదాన్ని బట్టి అర్థం మార్చుకునే పెద్ద పెద్ద వకీళ్ళు ఉన్నారు. నువ్వు ఆ దారి పట్టొద్దని నా కోరిక.

ఈసారి ఊరికి వచ్చినప్పుడు చంద్రాపూర్ నుంచి మొహర్లీ పోయే రోడ్డు మీద మన పద్మాపూర్ నాకా దగ్గర కాసేపు నిలబడు. నీ ఏడవ షెడ్యూలు మొత్తం కళ్ళముందే ఉంటుంది. ఓపెన్‌కాస్ట్ గని వెస్టర్న్ కోల్‌ఫీల్డ్స్‌ది, అంటే కోల్ ఇండియాది, అంటే కేంద్రానిది. కేంద్ర జాబితాలో 54వ అంశం చదివితే గనుల మీద కేంద్రానికున్న అధికారానికి మూలం దొరుకుతుంది. ఆ గనిలో షావెల్ నడిపేవాడి ప్రాణానికి, డంపర్ కింద నిలబడ్డవాడి ప్రాణానికి సంబంధించిన భద్రతా నియమాలు 55వ అంశం కిందికి వస్తాయి. అందుకే తనిఖీ అధికారుల పెద్దాఫీసు ఇక్కడెక్కడో కాకుండా ధన్‌బాద్‌లో ఉంది. ఇక్కడి బొగ్గు కాలేది పక్కనున్న చంద్రాపూర్ థర్మల్ కేంద్రంలో. 2920 మెగావాట్ల ఆ కేంద్రం మహారాష్ట్ర ప్రభుత్వ కంపెనీది, కరెంటు మాత్రం ఉమ్మడి జాబితాలోది. రోడ్డు ముందుకు పోయేకొద్దీ తాడోబా అడవి. అడవులు, అడవి జంతువులు మొదట రాష్ట్ర జాబితాలోనే ఉండేవి. ఎమర్జెన్సీ కాలంలో, 1976లో, 42వ సవరణతో వాటిని ఉమ్మడి జాబితాకు మార్చారు. 1980లో అటవీ సంరక్షణ చట్టం వచ్చాక, కేంద్రం ముందుగా ఒప్పుకోకుండా రాష్ట్ర ప్రభుత్వం అడవి భూమిని గనికి ఇవ్వలేదు. ఇక నాకా దగ్గర బండ్లు ఆపే పోలీసు, పొలం రికార్డు రాసే తలాఠీ, గ్రామపంచాయతీ ఇవన్నీ రాష్ట్రానివి. పులి, బొగ్గు, కరెంటు, పొలం ఇంత దగ్గర దగ్గరగా ఉన్నచోట పెరిగినదానివి. అధికారాలు కాగితం మీద ఉన్నంత విడివిడిగా నేల మీద ఉండవని నీకు ఎవరూ నేర్పక్కర్లేదు.

మన ఇంటి సంగతి కూడా దాచకుండా చెబుతాను. కరీంనగర్, ఆదిలాబాద్ వైపు నుంచి బల్లార్‌పూర్‌కు, చంద్రాపూర్‌కు బాయి పని కోసం వచ్చిన తెలుగు కుటుంబాలకు కేంద్రం చేసిన మేలు చిన్నది కాదు. 1973 మే 1న బొగ్గు గనులు జాతీయమయ్యాయి. దాంతో ప్రైవేటు యజమాని దయ మీద బతికిన మనిషికి ప్రభుత్వ ఉద్యోగం వచ్చింది, క్వార్టర్ వచ్చింది, పీఎఫ్ వచ్చింది, పిల్లలను బడికి పంపే ధైర్యం వచ్చింది. నువ్వు ఈరోజు లా చదువుతున్నావంటే దాని వెనక పార్లమెంటు చేసిన ఆ చట్టం ఉంది. అందుకని కేంద్రాన్ని తిట్టడమే ఫెడరలిజం అనుకునేవాళ్ళ మాట నాకు రుచించదు. మేలు చేసింది కదా అని దాని అధికారానికి హద్దు అడగకూడదు అనేవాళ్ళ మాట అంతకన్నా రుచించదు.

ఆ హద్దు ఎక్కడ అన్న ప్రశ్న మన బొగ్గు మీదే మొదట పెద్దగా లేచింది. 1957లో పార్లమెంటు బొగ్గు ఉన్న భూముల సేకరణ చట్టం చేసింది. పశ్చిమ బెంగాల్‌లో, రాష్ట్ర ప్రభుత్వానికే చెందిన భూములను ఆ చట్టం కింద తీసుకుంటామని కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది. రైతు భూమి తీసుకోవడం వేరు, ఒక ప్రభుత్వం ఇంకో ప్రభుత్వం భూమిని తీసుకోవడం వేరు కదా అని బెంగాల్ నేరుగా సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 1962 డిసెంబరులో ఆరుగురు న్యాయమూర్తులు తీర్పిచ్చారు. ప్రధాన న్యాయమూర్తి బి.పి. సిన్హాతో కలిపి ఐదుగురు కేంద్రం వైపు. మన రాష్ట్రాలు ముందునుంచీ స్వతంత్ర రాజ్యాలై ఉండి ఒప్పందం చేసుకుని కలిసినవి కావు, రాష్ట్రం హద్దులనే మార్చగల పార్లమెంటుకు ఆ రాష్ట్రం భూమి తీసుకునే అధికారం లేదని ఎలా అంటాం అనేది వాళ్ళ వాదనలో గట్టి ముక్క.

ఆ ముక్క గట్టిదే బిడ్డా. మన రాజురానే చూడు. 1956 దాకా అది హైదరాబాద్ రాష్ట్రంలో, ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది. రాష్ట్రాల పునర్విభజనలో బొంబాయి రాష్ట్రానికి వచ్చింది, 1959లో చంద్రాపూర్ జిల్లాలో కలిసింది. ఊరు కదలలేదు, పార్లమెంటు గీత మార్చింది. మూడవ అధికరణ రాష్ట్ర శాసనసభ అభిప్రాయం అడగమంటుంది కానీ, ఒప్పుకోలు తీసుకోమనదు. 2014లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ బిల్లును తిరస్కరించినా తెలంగాణ వచ్చింది కదా. కేంద్రానికి ఇంత అధికారం ఎందుకని అడిగే తెలంగాణవాళ్ళు ఆ అధికారం వల్లే తమ రాష్ట్రం వచ్చిందన్న సంగతి కూడా పక్కన పెట్టుకుని ఆలోచించాలి. అదే గీత ఇంకోచోట మనుషులను ఎలా ఇబ్బంది పెడుతోందో జివతి తాలూకా వెళ్తే తెలుస్తుంది. మాది మాది అని మహారాష్ట్ర, తెలంగాణ రెండూ అంటున్న ఊళ్ళు అక్కడున్నాయి, అటూ ఇటూ రేషన్ కార్డులున్న ఇళ్ళున్నాయి.

ఆ ఆరుగురిలో ఒక్కరు ఒప్పుకోలేదు. ఆయన రాజమండ్రిలో పుట్టిన కోకా సుబ్బారావు. ఆంధ్ర హైకోర్టు తొలి ప్రధాన న్యాయమూర్తిగా చేసి ఢిల్లీ వెళ్ళినవాడు. మన రాజ్యాంగం ఫెడరల్ భావనను ఒప్పుకుని, సార్వభౌమాధికారాన్ని కేంద్రానికీ రాష్ట్రాలకూ పంచింది. ఎవరి పరిధిలో వాళ్ళు సమానులు. సాధారణ చట్టం ఒకటి చేసి రాష్ట్రం ఆస్తిని లాక్కునే అధికారం పార్లమెంటుకు లేదు అన్నాడు. ఆ వాదనలోని లోతు చూడు. హద్దులు మార్చడం రాజ్యాంగం పేరుపెట్టి, పద్ధతి చెప్పి ఇచ్చిన అధికారం. ఆస్తి తీసుకోవడం ఉమ్మడి జాబితా 42వ అంశంలోని మామూలు మాటల నుంచి లాగిన అధికారం. పెద్దది ఉంది కాబట్టి చిన్నది ఉన్నట్టే అనడం వినడానికి బాగుంటుంది. కానీ ఇచ్చిన పద్ధతి వేరైతే రెండూ ఒకటి కావు. నా మట్టుకు నేను సుబ్బారావు వైపే ఉంటాను. నువ్వు ఉండాలని లేదు. రెండు తీర్పులూ మొదటినుంచి చివరిదాకా చదివి, ఆ తర్వాత ఏ వైపైనా ఉండు.

ఓడిన తీర్పు చదివి ఏం లాభం అంటావేమో. అదే డిసెంబరులో ఖరక్‌సింగ్ కేసులో కూడా సుబ్బారావు, జస్టిస్ షాతో కలిసి విడిగా రాశాడు. మనిషి ఇంటిమీద పోలీసులు నిఘా పెట్టడం అతని స్వేచ్ఛను హరించడమే అన్నాడు. ఓడిపోయాడు. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులు గోప్యత ప్రాథమిక హక్కే అన్నప్పుడు, ఆ ఓడిన తీర్పే సరైనదయింది. బొగ్గు భూముల తీర్పు అలా తిరగలేదు, అది ఇప్పటికీ నిలిచే ఉంది. అయినా 1994లో బొమ్మై కేసులో గాలి కొంత మారింది. ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో న్యాయమూర్తిగా చేసిన జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి, రాష్ట్రాలు కేంద్రానికి తోకలు కావని, తమకిచ్చిన పరిధిలో అవే సర్వాధికారులని రాశాడు.

ఇక నీ కేసు. 2024 జులై 25న తొమ్మిదిమంది ధర్మాసనం ఎనిమిది ఒకటి తేడాతో తీర్పిచ్చింది. ముందు దాని పుట్టుక తెలుసుకో. 1989లో ఇండియా సిమెంట్స్ కేసులో ఏడుగురు న్యాయమూర్తులు రాయల్టీ పన్నే అన్నారు. 2004లో కేశోరామ్ కేసులో ఐదుగురి ధర్మాసనం, ఆ వాక్యంలో ఏదో అచ్చుతప్పు పడింది, రాయల్టీ మీద వేసే సెస్సు పన్ను అనాలనుకున్నారు అంది. ఒక్క వాక్యం మీద రెండు ధర్మాసనాలు చెరో దారి పట్టాయి. వేలకోట్ల పన్నులు, ఎన్నో రాష్ట్రాల బడ్జెట్లు ఆ వాక్యం మీద వేలాడాయి. 2011లో తొమ్మిదిమందికి పంపారు, తేలడానికి ఇంకో 13 ఏళ్ళు పట్టింది.

ఎనిమిదిమంది తరఫున అప్పటి ప్రధాన న్యాయమూర్తి డి.వై. చంద్రచూడ్ రాశారు. రాయల్టీ పన్ను కాదు, లీజు తీసుకున్నవాడు ఖనిజం తీసుకున్నందుకు ఇచ్చే ప్రతిఫలం. గనులను నియంత్రించే అంశం వేరు, పన్ను వేసే అంశం వేరు. మొదటిది చేతిలో ఉందని రెండోది దాన్నుంచి పుట్టించుకోకూడదు. ఈ సూత్రం ఎక్కడిదో వెతికావా? 1958 నాటి సుందరరామయ్యర్ కేసు, మద్రాసు నూలు వర్తకులకూ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ మధ్య అమ్మకం పన్ను తగాదా. చీరాలకో ఇంకెక్కడికో పోయే నూలు మీద పన్ను ఎవరిదన్న ఆ పోట్లాటలో తేలిన మాట, ఇవాళ పద్మాపూర్ బొగ్గు మీద పన్ను ఎవరిదో చెబుతోంది. మూట్ కోర్టులో ఈ గొలుసు చెప్పగలిగితే నీ వాదన నిలబడుతుంది.

అక్కడితో ఆగకు. రాష్ట్ర జాబితా 50వ అంశం ఖనిజ హక్కుల మీద పన్ను వేసే అధికారం రాష్ట్రానికి ఇస్తూనే, ఖనిజాభివృద్ధి గురించి పార్లమెంటు చట్టం ద్వారా పెట్టే పరిమితులకు లోబడి అంటుంది. పరిమితి అంటే ఎంతవరకు? రేటు కట్టడి చేయడమా, షరతు పెట్టడమా, అసలు వద్దనడమా? అదే తీర్పు చివర్లో, న్యాయమూర్తులు తమ నిర్ణయాలను వరసగా చెప్పినచోట, పరిమితి అనే మాటలో నిషేధం కూడా ఇముడుతుందని రాశారు. అంటే రాష్ట్రాలు గెలిచాయని పేపర్లు రాసిన ఆ తీర్పులోనే, కావాలనుకుంటే పార్లమెంటు ఆ పన్నును చట్టంతో ఆపేయవచ్చని ఉంది. ఇంకోవైపు, భూమి మీద పన్ను గురించిన 49వ అంశానికి ఆ షరతు తగలదని, గనులున్న భూమి కూడా భూమేనని, దిగుబడిని కొలమానంగా తీసుకుని దానిమీద పన్ను వేయవచ్చని కూడా ఉంది. గెలిచినవాళ్ళు ఎంత గెలిచారు, ఓడినవాళ్ళు ఎంత ఓడారు? ఫోన్‌లో నువ్వన్న ఒక్క ముక్కలో ఇదంతా ఇమడదు.

జస్టిస్ నాగరత్న ఒక్కరే భిన్నంగా రాశారు. ఆమె భయం కొట్టిపారేసేది కాదు. రాష్ట్రాలు పోటీపడి పన్నులు వేస్తే ఖనిజం ధర ఒక్కోచోట ఒక్కోలా పెరుగుతుంది, ఖనిజాభివృద్ధి ఒక పద్ధతిలో ఉండాలని కేంద్రానికి అప్పగించిన ఉద్దేశమే దెబ్బతింటుంది అన్నారు. మన బొగ్గుతో నడిచే కరెంటు బిల్లు ఎవరి ఇంటికి వస్తుందో తెలిసినవాళ్ళకు ఆ భయం అర్థమవుతుంది. ఆగస్టు 14న కోర్టు, 2005 ఏప్రిల్ 1 తర్వాతి బకాయిలు మాత్రమే రాష్ట్రాలు అడగాలని, వాటిని 2026 ఏప్రిల్ 1 నుంచి 12 ఏళ్ళలో వాయిదాల మీద కట్టవచ్చని మధ్యేమార్గం చెప్పింది.

అధికారాన్ని సాగదీస్తే ఎంతదూరం సాగుతుందో చూడాలంటే అమెరికా కేసు ఒకటి చదువు. అక్కడ కేంద్రానికి లెక్కపెట్టి ఇచ్చిన అధికారాలు పోను మిగిలినవి రాష్ట్రాలవి, ప్రజలవి. 1791 నాటి పదవ సవరణ అదే చెబుతుంది. మన దగ్గర 248వ అధికరణ మిగిలినవాటిని పార్లమెంటుకిచ్చింది. అలాంటి అమెరికాలో కూడా 1942లో, ఒహాయో రైతు ఫిల్‌బర్న్ తనకు అనుమతించిన 11.1 ఎకరాలు దాటి 23 ఎకరాల్లో గోధుమ వేస్తే, సొంత ఇంటికి, పశువులకు వాడుకునే గింజ కూడా రాష్ట్రాల మధ్య వ్యాపారం మీద ప్రభావం చూపుతుంది కాబట్టి దానిమీద కేంద్రానికి అధికారం ఉందని కోర్టు ఒప్పుకుంది. 1995లో లోపెజ్ కేసులో గానీ ఆ సాగుడుకు అడ్డం పడలేదు. మాటలు తక్కువున్నంత మాత్రాన అధికారం తక్కువుండదని ఆ కేసు చూస్తే తెలుస్తుంది. చదివేవాడి మనసు ఎటుందో అటు సాగుతుంది.

నువ్వు వకీలయ్యాక నీ ముందుకు కేంద్రమో రాష్ట్రమో వచ్చి కూర్చోదు. సాత్‌బారా అనే పొలం కాగితం పట్టుకుని ఒక రైతు వస్తాడు. నేను గనిలో గుమాస్తాగా ఉన్న రోజుల్లో అలాంటివాళ్ళు కాగితం నాలుగు మడతలు పెట్టి, ప్లాస్టిక్ సంచిలో చుట్టి తెచ్చేవాళ్ళు. పైన మనిషి పేరు, విస్తీర్ణం, ఇతర హక్కుల గడి, కింద ఏ పంట వేశాడో. ఆ కాగితం రాష్ట్రం రాసింది. గెజిట్‌లో కేంద్రం నోటిఫికేషన్ పడితే 1957 చట్టం కింద అభ్యంతరం చెప్పడానికి 30 రోజులు. తర్వాత ప్రకటన రాగానే భూమి కేంద్రానిదవుతుంది, అక్కడినుంచి కంపెనీదవుతుంది. ఆ రైతుకు గెజిట్ ఎక్కడ దొరుకుతుందో తెలియదు. 30 రోజులు ఏ రోజునుంచి లెక్కపెట్టాలో తెలియదు. 2013 నాటి భూసేకరణ చట్టం మొదట ఈ బొగ్గు చట్టాన్ని పక్కనపెట్టినా, 2015 నుంచి దాని పరిహారం, పునరావాసం బొగ్గు చట్టం కింద తీసుకునే భూములకూ వర్తిస్తాయన్న సంగతి అతనికి ఎవరూ చెప్పరు. ఫెడరలిజం మీద నువ్వు ఎంత బాగా వాదించినా, ముందు ఆ మనిషి కాగితం మీది తేదీ చూడు. గెజిట్ తేదీ చూడు. మధ్యలో ఎన్ని రోజులున్నాయో లెక్కపెట్టు.

రాష్ట్రానికి అధికారం రాగానే ఊరికి వచ్చినట్టు కాదు. 2015లో జిల్లా ఖనిజ నిధి పెట్టారు. పాత లీజులున్న గనులు రాయల్టీలో 30 శాతానికి సమానమైన సొమ్ము అందులో వేయాలి, గని వల్ల నష్టపడ్డ ఊళ్ళకు ఖర్చు పెట్టాలి. నియమాలు రాసేది రాష్ట్రం. 2021లో సవరణ చేసి దానిమీద ఆదేశాలిచ్చే అధికారం కేంద్రం తీసుకుంది. ఇద్దరూ ఆ పెట్టె తాళంచెవి గురించి మాట్లాడుతుంటారు. పేలుడుకు గోడ బీటలిచ్చినవాడిని అడిగే పద్ధతి గ్రామసభలో ఉందా లేదా అన్నది నువ్వు అడగాలి.

ఇంకొక్క సంగతి, మన తెలుగువాళ్ళకు నొప్పి కలిగించేది. మర్రి చంద్రశేఖరరావు కేసు, 1990. తెనాలిలో పుట్టి, ఆంధ్రప్రదేశ్‌లో షెడ్యూల్డు తెగగా గుర్తించిన కులంవాడు. తండ్రి ఎరువుల కంపెనీలో, మన బొగ్గు కంపెనీ లాంటి కేంద్ర ప్రభుత్వ సంస్థలో ఉద్యోగి. కొడుకు బొంబాయిలో మెడికల్ సీటు అడిగాడు. ఐదుగురు న్యాయమూర్తులు, 341, 342 అధికరణలు ఆ రాష్ట్రానికి సంబంధించినంతవరకు అనే అంటున్నాయి, అక్కడి గుర్తింపు ఇక్కడికి రాదు అన్నారు. తండ్రి ఉద్యోగం రాష్ట్రం దాటింది, కొడుకు సర్టిఫికెట్ దాటలేదు. చంద్రాపూర్ కాలనీల్లో ఇలా దెబ్బతిన్న ఇళ్ళు నీకు తెలుసు, నీతో బడికి వచ్చిన పిల్లలే. నాకు ఆ తీర్పు బాధ కలిగిస్తుంది. అయినా ఆ అధికరణల్లో ఆ మాటలున్నాయి, కోర్టు పుట్టించలేదు. నొప్పి తీరాలంటే పార్లమెంటు కదలాలి. మనకు నచ్చని చోట కూడా ఉన్న మాటను ఉన్నట్టు చదవగలిగితేనే, నచ్చినచోట నువ్వు చెప్పేదాన్ని జడ్జి నమ్ముతాడు.

ఇప్పుడు మూట్ కోర్టులో నీకెదురుగా కూర్చున్న పిల్లవాడు తప్పకుండా ఒకటి అడుగుతాడు. రేపు పార్లమెంటు ఖనిజాల చట్టం సవరించి, 50వ అంశం కింద రాష్ట్రాలు పన్నే వేయకూడదంటే ఏం చేస్తారని. నిషేధం కూడా పరిమితే అని తీర్పు అంటోంది కాబట్టి చప్పున జవాబు రాదు. పన్ను వేసే అధికారం రాష్ట్రానికిచ్చి, దాన్ని పూర్తిగా తుడిచేసే అధికారం ఇంకొకరికిస్తే మొదటి మాట రాజ్యాంగంలో ఎందుకున్నట్టు అని నువ్వు అడగవచ్చు. ఆ నిషేధం నిజంగా ఖనిజాభివృద్ధి కోసమేనా, ఖజానా కోసమా అని చూపించమనవచ్చు. 49వ అంశం వైపు తిరిగి భూమి మీద పన్ను దారి చూపవచ్చు. మూడింట్లో ఏది బలంగా ఉందో నాకు తెలిసినంతలో చెప్పగలను కానీ, ముందు నీ జవాబు రాసి పంపు. నాగరత్న తీర్పులోని భయానికి కూడా అందులో జవాబుండాలి. దసరాకు వచ్చేటప్పుడు 1962 తీర్పు ప్రింటు తీసుకురా. నా కళ్ళకు కాస్త పెద్ద అక్షరాల్లో తీయించు.

మీ తాత